మన్ను మోసిన దారి

వజ్రాల గురించి ఏ పుస్తకం తెరిచినా రాళ్ళకి పేర్లుంటాయి. కోహినూర్, రీజెంట్, హోప్. పేర్లే కాదు, వంశవృక్షాలు కూడా ఉంటాయి. ఏ రాజు తలపాగాలోంచి ఏ రాజు కిరీటంలోకి వెళ్ళిందో, ఎవరు ఎంతకి కొని ఎంతకి అమ్మారో పేజీలకి పేజీలు రాస్తారు. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మిన రాయికి మొదట పిట్ పేరు, తర్వాత రీజెంట్ అనే హోదా పేరు దక్కాయి. హోప్ అంటే ఆశ అనుకుంటాం. అది లండన్‌లో ఒక బ్యాంకర్ల కుటుంబం ఇంటిపేరు. ఇలాంటి రాళ్ళలో చాలావాటి పుట్టిల్లు కృష్ణ ఒడ్డున కొల్లూరు అని చెబుతారు. పుట్టిల్లు అన్నారు కాబట్టి పురుడు పోసిందెవరని అడగాలనిపిస్తుంది నాకు.

జవాబు ఉంది, ఒక్క వాక్యంలో. ఫ్రెంచి నగల వర్తకుడు టావెర్నియే 1676లో అచ్చయిన తన యాత్రల పుస్తకంలో, కొల్లూరు గనిని తను మొదటిసారి చూసినప్పుడు అక్కడ దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మన్ను మోస్తారు. అంతే. ఆ తర్వాత మళ్ళీ రాళ్ళ రంగు, బరువు, బేరం. ఆయనకంటే ముందు మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి మెథ్‌వోల్డ్ కూడా అక్కడికి వెళ్ళి 30,000 మంది ఉంటారని అంచనా వేశాడు. 1626లో అచ్చయిన ఆయన వృత్తాంతంలో తవ్వడం, గంపలు నింపడం, నీళ్ళు తోడడం, మొయ్యడం అనే పనులున్నాయి. ఆ పనులు చేసే మనుషుల ముఖాలు లేవు. ఏ అంకె నమ్మినా వేల మంది ఆడవాళ్ళ సంగతి అది. తెల్లారి లేచి, వండి, పిల్లని చంకనేసుకుని గొయ్యి దగ్గరికి వెళ్ళిన వేల మంది తెలుగు ఆడవాళ్ళు.

నా పిహెచ్‌డి తెలుగు యాత్రాచరిత్రల మీద. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి రాసిన పుస్తకం 1838లో అచ్చయింది. మన గద్యంలో అంత నిశితమైన పరిశీలన అరుదు. అయితే ఆయన మేనాలో కూచున్నాడు, నడిచింది బోయీలు. నడిచేవాళ్ళు రాయరు, రాసేవాళ్ళు నడవరు అని థీసిస్‌లో ఒకచోట రాశాను. మరీ నినాదంలా ఉందని మా గైడ్ గారు కొట్టేశారు. డిగ్రీ వచ్చింది కానీ ఆ కొట్టేసిన వాక్యం మాత్రం నా వెంటే ఉంది. టావెర్నియే వాక్యం చదివినప్పుడు అది మళ్ళీ లేచి కూచుంది.

కొల్లూరు వెళ్ళి చూద్దామంటే ఆ నేల ఇప్పుడు నీళ్ళకింద ఉంది. కొండల మధ్య కృష్ణకి అడ్డంగా కట్టిన పులిచింతల ప్రాజెక్టు 2013 డిసెంబరులో ప్రారంభమయ్యాక ఆ పాత ఊరూ ఆ పాత గోతులూ ముంపులోకి పోయాయి. మిగిలిన గనుల పేర్లు వెతుకుతుంటే మల్లవల్లి కనిపించింది. హనుమాన్ జంక్షన్‌కీ నూజివీడుకీ మధ్య ఊరు. మా ఊరి నుంచి ఆటోలో వెళ్ళొచ్చు. చిన్నప్పట్నించీ ఆ పేరు వింటున్నాను, పెళ్ళిసంబంధాల్లోనూ మామిడితోటల బేరాల్లోనూ. అక్కడ వజ్రాలు తవ్వారని మా బళ్ళో ఏ మాస్టారూ చెప్పలేదు. వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైన్ అక్కడికి వెళ్ళి ఆ గోతుల గురించి రాశాడు, 1814లో లండన్‌లో అచ్చయింది. వాలెంటైన్ బాల్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1881లో వేసిన దేశపు వజ్ర గనుల జాబితాలోనూ మల్లవల్లి ఉంది. పక్కనే గొల్లపల్లి. ఆ ఊరి పేరు మీద ఇసుకరాయి పొరకి ‘గోలపిల్లి’ అని ప్రపంచమంతా వాడే శాస్త్రీయ నామం ఉంది. డైనోసార్లు తిరిగిన కాలపు మొక్కల అచ్చులు ఆ రాయిలో దొరికాయి. 1766లో ఉత్తర సర్కారులని ఇంగ్లీషువాళ్ళకి వదిలేస్తూ నిజాం, వజ్రపు గనులూ వాటికి చెందిన ఊళ్ళూ మాత్రం నావేనని ఒప్పందంలో రాయించుకున్నాడు. రాజ్యం ఇచ్చాడు, గోతులు ఇవ్వలేదు. వాటి విలువ ఆయనకి తెలుసు. మా నూజివీడు ప్రాంతం మాత్రం చిన్నరసాలకీ వీణలకీ పేరుపడి, ఈ సంగతి మరిచిపోయింది.

పోయినేడాది మే నెల చివర, కాయ కోతలు ఒక కొలిక్కి వచ్చాక, అమ్మని తీసుకుని వెళ్ళాను. నిజానికి అమ్మే నన్ను తీసుకెళ్ళింది. నా దగ్గర పాత మ్యాపు జిరాక్సు ఉంది. అమ్మకి తోటలన్నీ తెలుసు. ఇరవై ఏళ్ళపాటు ప్రతి వేసవీ ఈ తోటల్లో కాయలు మోసింది. చిక్కంతో చెట్టెక్కి కోసేది మగవాళ్ళు, కింద ఏరేది, గంపలకెత్తేది, సైజులు విడదీసేది, గడ్డి పరిచి పేర్చేది ఆడవాళ్ళు. కోసేవాళ్ళకి ఒక రేటు, ఏరేవాళ్ళకి అంతకంటే తక్కువ ఇంకో రేటు. ఎందుకలాగ అని చిన్నప్పుడు అడిగితే, వాళ్ళు పడితే కాళ్ళు విరుగుతాయి కదా అనేది అమ్మ. ఇప్పుడు అమ్మకి 63 ఏళ్ళు. ఏ చెట్టు మీంచీ పడలేదు, మోకాళ్ళు మాత్రం అరిగిపోయాయి. ముంజేతుల మీద మామిడి సొన కాల్చిన మచ్చలు ఇంకా నల్లగానే ఉన్నాయి.

హైదరాబాదులో నా స్నేహితురాళ్ళు కొందరు ఆదివారాలు ట్రెక్కింగ్‌కి వెళ్తారు. పాత కోటలు, కొండలు, లోయలు. నేనూ రెండుసార్లు వెళ్ళాను, నాకు నచ్చింది. ఏ పనీ లేకుండా, ఎవరికోసమూ కాకుండా నడవడంలో ఒక స్వేచ్ఛ ఉంది, దాన్ని తక్కువ చెయ్యను. కానీ మామిడితోటల మధ్య ఒక ఆడమనిషి ఊరికే నడుస్తోందంటే నమ్మేవాళ్ళెవరు? చేతిలో సంచి ఉందంటే కాయల దొంగ, సంచి లేదంటే ఇంకేదో. మొదటి తోట మలుపులోనే కాపలా అబ్బాయి మమ్మల్ని ఆపాడు.

“ఏ పని మీద వచ్చారమ్మా?”

“కాయలకి కాదులే బాబూ, గోతులు చూడ్డానికొచ్చాం,” అంది అమ్మ.

“గోతుల్లో ఏముందమ్మా, పాములు తప్ప!”

“ఉంటే ఉన్నాయిలే. మా అమ్మాయి వాటి మీద పుస్తకం రాస్తది.”

వాడు నా చెప్పుల వంకా, చేతిలో నోట్సు వంకా చూసి పక్కకి తప్పుకున్నాడు. ఈ తోటల్లో చదువు నాకిచ్చిన మొదటి సౌకర్యం అది. అమ్మ ఇరవై ఏళ్ళు నడిచిన దారిలో నాకు అడ్డం లేదు. అమ్మకి కూడా ఆ రోజు నా పక్కన ఉంది కాబట్టి లేదు.

తోటలు దాటాక నేల మారింది. ఎర్రమన్ను, దానిలో గుండ్రటి గులకరాళ్ళు. నది ఎక్కడో దూరంగా ఉండగా నదిరాళ్ళు ఇక్కడికెలా వచ్చాయా అనిపించేట్టు. తుమ్మ, పరికి, బలుసు పొదలు, మధ్యలో తాటిచెట్లు. నడుస్తుంటే నేల ఉన్నట్టుండి దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. నాకది మామూలు ఎగుడుదిగుడు నేల. వాగు కోసిన గండి అనుకున్నాను, నోట్సులో అలాగే రాసుకోబోయాను. అమ్మ ఒక దిబ్బ పక్కన ఆగి, వంగి, పిడికెడు మన్ను తీసి వేళ్ళ మధ్య జార్చింది.

“ఇది వాన కోసింది కాదు. మనుషులు పోసిన మన్ను.”

ఎలా చెప్పగలవన్నాను. వాన కోస్తే గండి ఒక దిక్కుకి పారుతుందిట. ఇది ఎటూ పారడంలేదు. మన్ను పోసేవాళ్ళు గట్టు మీద నిలబడి తట్ట ఒకవైపుకే వంచుతారుట, అందుకని దిబ్బ ఒక పక్క నిట్రంగా, ఇంకో పక్క వాలుగా ఉంటుందిట. చెరువు పూడిక పనుల్లో తను వేల తట్టలు పోసింది కదా, ఆ వాలు తనకి తెలుసుట. మ్యాపు నా చేతిలోనే ఉంది, కానీ ఆ నేలని చదివింది అమ్మ.

అప్పుడు నేను టావెర్నియే చెప్పింది అమ్మకి చెప్పాను. గొయ్యి పది నుంచి పద్నాలుగడుగుల లోతు తవ్వేవారని, నీళ్ళు పడితే ఆపేవారని, ఆ మన్నంతా ఆడవాళ్ళూ పిల్లలే మోసేవారని. అమ్మ చాలాసేపు గొయ్యి వంక చూస్తూ నిలబడింది. తర్వాత తన లెక్క తను మొదలుపెట్టింది.

“పద్నాలుగడుగులంటే ఇద్దరు మనుషుల లోతు దాటింది. అంత లోతులోంచి ఒకత్తె తట్ట తేలేదు. లోపల ఒకత్తె, మధ్యలో మెట్టు మీద ఒకత్తె, గట్టు మీద ఒకత్తె. చేతులు మార్చుకోవాలి. అసలు నిండు తట్ట ఎవరికి వాళ్ళు నెత్తికెత్తుకోలేరే. ఎత్తడానికి ఇంకొకత్తె ఉండాలి. పిల్లలు మోసేరన్నాడు కదా, పిల్ల నెత్తికి తల్లే ఎత్తి ఉంటది.”

ఈ చివరి మాట దగ్గర నా పెన్ను ఆగిపోయింది. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివాను! ఆడవాళ్ళూ పిల్లలూ అన్న రెండు మాటల మధ్య ఆ చేతులు నాకెప్పుడూ కనిపించలేదు. పిల్ల నెత్తిన చుట్టకుదురు సరిచేసి, తట్ట ఎత్తి, బరువు నిలబడిందో లేదో ఒక్క క్షణం పట్టుకుని చూసి, అప్పుడు వదిలేసే తల్లి. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళని కూచోబెట్టి అడిగారు. వాళ్ళు బతికి ఉన్నారు కాబట్టి జవాబు చెప్పారు. కొల్లూరు ఆడవాళ్ళని అడగడానికి వీల్లేదు. అయితే ఆ పని చేసిన ఒంటిని అడగొచ్చు. ఆ పని ఇంకా ఆగలేదు కదా.

మన్ను మోశాక జరిగే పని ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. రెండడుగుల ఎత్తు గోడ కట్టిన చదునైన చోట మన్ను పోసి, కడవలతో నీళ్ళు తెచ్చి పోసేవారు. ఒకటి రెండు రోజులు నాననిచ్చి, జావలా అయ్యాక గోడలో కంతలు తెరిచి ఆ బురద నీటిని వదిలేసేవారు. ఇసుక మిగిలేదాకా మళ్ళీ నీళ్ళు పోసి, ఎండకి ఆరనిచ్చి, చాటల్లాంటి బుట్టలతో చెరిగేవారు. ధాన్యం చెరిగినట్టే అని టావెర్నియే స్వయంగా పోల్చాడు. మిగిలిన గడ్డల్ని పెద్ద రోకళ్ళతో దంచి, మళ్ళీ చెరిగి, అప్పుడు వరసగా కూచుని చేత్తో వెతికేవారు. కడవ, చాట, రోకలి. నానబెట్టడం, వార్చడం, ఆరబెట్టడం, చెరగడం, దంచడం, ఏరడం. ఇవి ఏ గని శాస్త్రంలోంచి వచ్చాయి? మన వంటింటి వసారాలోంచి వచ్చాయి. చెరిగేటప్పుడు ఆ బుట్ట ఎవరి చేతిలో ఉందో టావెర్నియే విడిగా చెప్పలేదు, దాని గురించి నేను పంతం పట్టను. కానీ బియ్యంలో రాయిని వేలికొసతో పట్టే నేర్పు ఈ దేశంలో ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు. ప్రపంచంలో అతి ఖరీదైన రాళ్ళని బయటికి తీసిన సాంకేతిక పరిజ్ఞానం అంతా తెలుగు ఆడవాళ్ళు రోజూ పొద్దున్నే చేసేదే. దాన్ని నైపుణ్యమని ఎవరూ అనలేదు, ఇప్పటికీ అనడంలేదు. మామిడి ఏరేవాళ్ళకి తక్కువ కూలి ఎందుకంటే అది చేతిపనే కదా అంటారు. ఏ కాయ రేపటికి పండుతుందో, ఏది నాలుగు రోజుల ప్రయాణానికి నిలుస్తుందో చూపుతో చెప్పే అమ్మకి రైతుకి తెలిసినంతా తెలుసు.

కాపలా గురించి కూడా టావెర్నియే రాశాడు. కొల్లూరు కంటే ముందు చూసిన రావలకొండ గనిలో, యాభై మంది పనివాళ్ళకి పన్నెండు పదిహేను మంది కాపలా ఉండేవారట. ఒకడు కంటికొలికిలో రాయి దాచుకుని పట్టుబడ్డాడట. గోచీ గుడ్డ తప్ప పనివాళ్ళ ఒంటి మీద ఏమీ ఉండేది కాదట. అంత నేర్పుగల పనివాడికి ఏడాదికి మూడు పగోడాల జీతం. ఇదంతా మగవాళ్ళ గురించి. ఆడవాళ్ళని ఎలా వెతికేవారో ఆయన చెప్పలేదు. చెప్పకపోయినా నాకు తెలుసు. నాకు పదేళ్ళప్పుడు ఒక సాయంత్రం తోట గేటు దగ్గర, గుత్తకి తీసుకున్నాయన మనిషి అమ్మ క్యారియరు గిన్నెలు ఒక్కొక్కటీ తెరిపించి, ఒడి దులపమన్నాడు. ఒడిలోంచి ఒక పండిన కాయ పడింది, నాకోసం దాచింది, రాలి పగిలిన చిన్నరసం. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు గురించి మేమిద్దరం ఇప్పటిదాకా మాట్లాడుకోలేదు. గొయ్యి పక్కన ఈ కంటికొలికి కథ చెప్పినప్పుడు అమ్మ ఊఁ కొట్టి, “ఆకలికి దాచుకున్నాడో, ఆశకి దాచుకున్నాడో,” అని మాత్రం అంది.

గనుల్లో ఆడవాళ్ళ సంగతి చట్టాల్లో చదివితే ఇంకో రకం కోపం వస్తుంది. 1929లో బ్రిటిష్ ప్రభుత్వం భూగర్భ గనుల్లోంచి ఆడవాళ్ళని అంచెలంచెలుగా తప్పించే నిబంధనలు తెచ్చింది, 1937కల్లా పూర్తిగా తప్పించారు. యుద్ధానికి బొగ్గు కావలసి వచ్చేసరికి 1943లో ఆ రక్షణ గుర్తు లేకుండా పోయింది, నిషేధం ఎత్తేసి మళ్ళీ గనుల్లోకి దించారు. యుద్ధం అయ్యాక 1946లో మళ్ళీ పైకి పంపారు. 1952 గనుల చట్టం ఆ నిషేధాన్ని కొనసాగించింది, 2019లో గానీ సడలించలేదు. దింపడానికీ ఎక్కించడానికీ మధ్య వాళ్ళ కూలి డబ్బులేమయ్యాయి, ఇల్లు ఎలా గడిచింది? మనల్ని కాపాడతామనేవాళ్ళు ఆ లెక్క ఎప్పుడూ అడగరు.

ఇప్పుడు కూడా తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల, అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాల్లో జనం వరసలు కట్టి తలొంచుకుని నడుస్తారు. వాన కడిగిన మట్టిలో రాయి మెరుస్తుందేమోనని. టీవీల్లో చూపిస్తుంటారు. పక్క జిల్లాల నుంచి వచ్చి చెట్లకింద వండుకుంటూ వారాలు ఉండేవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. వాళ్ళని చూపించేటప్పుడు యాంకర్ల గొంతులో ఒక ఎగతాళి ఉంటుంది, పనికిమాలిన ఆశ అన్నట్టు. నాకు మాత్రం వాళ్ళ నడక చూస్తే చాట గుర్తొస్తుంది. ఎకరాలకెకరాలు ఒక పెద్ద చాట, వాన చెరుగుతోంది, వాళ్ళు ఏరుతున్నారు.

మల్లవల్లి ఇప్పుడు పేపర్లలో కనిపించేది పారిశ్రామికవాడగా, మెగా ఫుడ్ పార్కుగా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి పోయింది, మల్లవల్లి కృష్ణాలో ఉండిపోయింది. తోటల మధ్య వెడల్పాటి తారురోడ్లు పడ్డాయి. మేం నడిచినంత దూరంలోనే రెండుచోట్ల ముసలి మామిడి మొదళ్ళు పెకలించి పక్కకి తోసి ఉన్నాయి. ఒక మొదలు మీద అమ్మ కాసేపు కూచుంది, మోకాళ్ళు రుద్దుకుంటూ. ఈ కొమ్మకే నీకు ఉయ్యాల కట్టానని చెప్పలేదు, అలాంటి కథలు అమ్మకి రావు. “పెద్దరసం చెట్టు ఇది. బెరడు చూడు,” అంది.

అక్కడే చెప్పాను, ఇదంతా రాస్తాననీ, రాళ్ళకి పేర్లున్నాయి కానీ మోసినవాళ్ళకి లేవు కాబట్టి నీ పేరు పెడతాననీ. ఒప్పుకుంటుందనుకున్నాను.

“నా పేరెందుకే?”

“ఎందుకేంటమ్మా, నువ్వు చెప్పిందే కదా రాస్తున్నది.”

“ఇరవయ్యేళ్ళు మస్టర్లో నా పేరు వాళ్ళ ఇష్టమొచ్చినట్టు రాశారు. ఒకడు ఇంటిపేరు తప్పు, ఒకడు మొగుడి పేరు తప్పు. సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసేదాన్ని, రాయడం వచ్చి కూడా. అది నా పేరు కాదని నేననుకునేదాన్ని. నా పేరు నా దగ్గర ఉండనీ.”

పేర్లు వెతికి నిలబెట్టడం మన పని అని ఇన్నాళ్ళూ సెమినార్లలో చెప్పాను. అది తప్పని ఇప్పుడూ అనను. కానీ అమ్మ మాటలో సిగ్గు లేదు, భయం లేదు. వేలిముద్ర వెనక తన పేరుని ఇరవై ఏళ్ళు భద్రంగా దాచుకున్న మనిషి, దాన్ని ఎవరికి ఇవ్వాలో తనే చెబుతోంది. కూతురికైనా సరే, కాగితం మీద మాత్రం వద్దని చెబుతోంది. రికార్డులో లేనివాళ్ళందరూ చెరిపేయబడ్డవాళ్ళే కానక్కర్లేదేమో, కొందరు ఆ రికార్డు వాళ్ళకి దొరక్కుండా నిలబడి ఉంటారేమో. ఈ ఆలోచన నాకు పూర్తిగా మింగుడు పడలేదు. గోతుల దగ్గర కాపలావాళ్ళ మధ్య నిలబడ్డ ఆడవాళ్ళకి అలాంటి వీలు ఎంత ఉండేది? అందుకని ఈ వ్యాసంలో అమ్మ ఉంది, అమ్మ పేరు లేదు.

తిరిగి రోడ్డు మీదికి వచ్చేసరికి ఎండ దిగింది. ఆటో కోసం కూచున్నాం. అమ్మ చీర కుచ్చిళ్ళలో పట్టిన పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీసి పారేస్తూ మళ్ళీ ఆ పుస్తకం సంగతి ఎత్తింది.

“ఏడాదికి మూడు పగోడాలన్నావు కదా, అది తవ్వేవాడికా?”

“తవ్వేవాళ్ళ గురించే రాశాడు.”

“మరి పిల్లలకి? విడిగా ఇచ్చేవాళ్ళా, తల్లి కూలిలో కలిపేసేవాళ్ళా?”

ఆటో వస్తుండగా ఆ ప్రశ్న నోట్సులో రాసుకున్నాను, టావెర్నియే పేజీ నంబరు పక్కన.